కొండ దిగి కువైట్‌కి: ఆజాద్ వీసా కొనేవారికి సలహాలు

కువైట్ దారి చెన్నై విమానాశ్రయంలో మొదలవుతుందని తెలియనివాళ్లు అనుకుంటారు. రాజంపేట, కోడూరు, రాయచోటి, పీలేరు వైపు వాళ్లకు అది అలిపిరిలో మొదలవుతుంది. వీసా రావాలని ఒకసారి, వచ్చిందని ఒకసారి, సెలవుకు దిగినప్పుడు మరోసారి ఆ 3550 మెట్లు ఎక్కినవాళ్లు మా వైపు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. హైదరాబాదు దగ్గర చిలుకూరు బాలాజీకి వీసా దేవుడని పేరొచ్చింది గానీ ఆయన చూసేది అమెరికా డిపార్ట్‌మెంటు. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, పనైతే వచ్చి నూట ఎనిమిది చేయడం, అంతటితో లెక్క తేలిపోతుంది. గల్ఫ్ డిపార్ట్‌మెంటు మాత్రం మొదట్నుంచీ ఏడుకొండలవాడి దగ్గరే ఉంది. పైగా అది ఒక్కసారితో తేలే లెక్క కాదు.

కాబట్టి ఒకడి కింద పడి ఉండకుండా, పరాయి దేశంలో సొంతంగా పని చేసుకుని నాలుగు డబ్బులు కళ్లజూద్దామనుకునేవారు సలహా కోసం ఎక్కడెక్కడో తిరగనక్కర్లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చోండి చాలు. ఏ కంపార్టుమెంటులోనైనా కువైట్ నుంచి సెలవుకు వచ్చినవాడు ఒకడైనా తగులుతాడు. తలుపు తీసేదాకా ఆయనకూ పనుండదు, మీకూ ఉండదు. ఆయన్ని ఏ వీసా మీద ఉన్నావు, నెలకు చేతికెంత వస్తుంది, అప్పు తీరడానికి ఎన్నేళ్లు పట్టింది లాంటి మోటు ప్రశ్నలు వేయకండి. చేతి గడియారం వైపు చూడండి. మనిషి స్థితిగతులు అక్కడే తెలుస్తాయి. పాలు పంచే వేళకు ఆయన మీ భుజం మీద చెయ్యి వేసి, "మనోడొకడున్నాడులే, నంబరిస్తా" అంటాడు. మీ పని సగం అయిపోయినట్టే.

మనోడిని పట్టుకోవడం

మనుషుల్ని విదేశాలకు పంపేవాడికి లైసెన్సు ఉండాలని 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం చెబుతుంది. లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా కేంద్ర ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ సైట్లో ఉంటుంది. పేరో నంబరో కొడితే, లైసెన్సు బతికే ఉందా, రద్దయిందా కూడా కనిపిస్తుంది. ఆ ఏజెంటు తన సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి.

ఇన్ని షరతుల మధ్య బతికేవాడు మీకేం చేయగలడు? రసీదు ఇచ్చేవాడిని అసలు నమ్మకండి. నమ్మకం ఉన్నచోట కాగితం ఎందుకు? మనోడు అలాంటివాడు కాదు. మూడు లక్షలు తీసుకుని కూడా కాగితం ముక్క ఇవ్వడు, అంత ఆత్మీయత. ఆఫీసు కూడా ఉండదు. తిరుపతి బస్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర కలుస్తాడు. మీ పాస్‌పోర్టు మొదటి పేజీ వాట్సాప్‌లో పెట్టమంటాడు. తర్వాత పాస్‌పోర్టే ఇమ్మంటాడు. ఇచ్చేయండి. మీ పాస్‌పోర్టు మీ దగ్గరుంటే మీరు ఎప్పుడు మనసు మార్చుకుంటారోనని ఆయనకు దిగులు కదా.

పదో తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టు మీద, గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ అనుమతి కావాలన్న ముద్ర ఉంటుంది. ఆ అనుమతితోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒక పాలసీ కట్టించుకుంటారు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, జరగరానిది జరిగితే ఇంటివాళ్లకు 10 లక్షలు. మనోడు ఈ 275 రూపాయల దండగ ఖర్చు నుంచి మిమ్మల్ని కాపాడతాడు. విజిట్ వీసా మీద పంపేస్తాడు. చూడబోయేవాడికి అనుమతీ అక్కర్లేదు, బీమా అక్కర్లేదు. రేపు అక్కడ పనిచేస్తూ మేడ మీద నుంచి పడితే, ఎడారి చూడటానికి వచ్చినవాడు మేడ మీద ఏం చేస్తున్నాడని అడిగేదాకా ఏ ఇబ్బందీ రాదు.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. ఆ ముద్ర ఉన్న పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వెళ్లే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని నిబంధన. మన రాష్ట్రంలో అలాంటి సంస్థ ఓంక్యాప్. మనోడు దానికీ దారి చూపిస్తాడు. ముందు ఇంకో దేశానికి విజిట్, అక్కడినుంచి కువైట్‌కు. మధ్యలో ఎవరి గదిలో ఎన్నాళ్లు ఉండాలి, ఎవరొచ్చి తీసుకెళ్తారు అని మాత్రం అడక్కూడదు. ఇక్కడ నాకు కూడా హాస్యం రావడం లేదు కాబట్టి ముందుకు పోదాం.

వీసా మీద ఏం రాసి ఉందో చూడకపోవడం

ఆజాద్ వీసా అంటే తెలియనివారికి రెండు ముక్కలు. అక్కడి కఫీల్, అంటే పూచీ ఉండే యజమాని, ఒకడు తన ఇంటికో కంపెనీకో మనిషి కావాలని వీసా తీయిస్తాడు. నిజానికి అతనికి మనిషి అక్కర్లేదు, డబ్బు కావాలి. మీరు ఆ వీసా కొంటారు. దిగాక మీకిష్టమైన చోట మీరు పని చేసుకోవచ్చు, ఆయన అడగడు. ఏడాదికోసారి అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కొట్టించినప్పుడు ఆయనకు మళ్లీ డబ్బు ముట్టజెప్పాలి. ఇదీ ఏర్పాటు. ఇందులో ఎక్కడా లోపం లేదు, కువైట్ చట్టంలో ఇలాంటి వీసా లేకపోవడం తప్ప.

కువైట్‌లో ఏ పరదేశి ఉనికికైనా ఒక ఆర్టికల్ నంబరు ఉంటుంది. ప్రైవేటు కంపెనీ పనికి 18, ఇంటిపనికి 20, కుటుంబానికి 22. మనవాళ్ల నోట్లో మొదటిది షూన్ వీసా, రెండోది ఖాదిం వీసా. తన పూచీ మీద తానే ఉండటానికి 24 అని ఒకటి ఉందిగానీ అది టీకొట్టు దగ్గర దొరికేది కాదు. మనోడు మీకు పంపే కాగితం అరబ్బీలో ఉంటుంది. మీ ఫోటో మీదే, మీ పేరు మీదే, సంతోషించి ఇంట్లో అందరికీ చూపించండి. దాని మీద నంబరు ఎంతుందని ఎవరైనా చదువుకున్నవాడు అడిగితే మనోడికి ఫోన్ కలపండి. సమాధానం ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది: "ఇరవయ్యేలే అన్నా. పేరుకే ఖాదిం. ఆ ఇంటి గడప కూడా నువ్వు తొక్కాల్సిన పన్లేదు."

నిజమే చెప్పాడు. గడప తొక్కాల్సిన పనిలేదు. గడపలోపల ఉన్నవాడికే రక్షణ ఉంటుంది మరి. ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికోసారి జీతంతో సెలవు, యజమాని పాస్‌పోర్టు దాచుకోకూడదు. మీరు ఆ ఇంటి పనివాడిగా వెళ్లి, ఇంట్లో ఉండక, బయట బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, సామాన్లు మోస్తున్నప్పుడు ఆ 12 గంటలు ఎవరి గడియారంలో చూడాలి? బకాలా యజమాని దృష్టిలో మీరు తన మనిషి కాదు. కఫీల్ దృష్టిలో మీరు పారిపోయిన మనిషి. ఆయన ఎప్పుడనుకుంటే అప్పుడు అలా అని కేసు పెట్టొచ్చు. అకామాకు అడిగినంత ఇవ్వనప్పుడు, కొత్తవాడు ఇంకా ఎక్కువిస్తానన్నప్పుడు, ఒక్కోసారి ఏమీ తోచనప్పుడు కూడా. అప్పుడు మీరు కొనుక్కున్న స్వేచ్ఛ అంతా ఆయన ఫోన్లో ఒక్క నొక్కుడుతో పోతుంది. సౌదీలో దీన్నే హురూబ్ అంటారు. అక్కడికి వెళ్లేవారు ఈ మాట ముందే నేర్చుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా కువైట్ వాళ్లు ఒక అవకాశం ఇచ్చారు. ఇంటిపని వీసా మీద ఒక కఫీల్ దగ్గర ఏడాది నిండినవాళ్లు, ఆయన ఒప్పుకుంటే 50 దినార్లు కట్టి కంపెనీ వీసాకు మారొచ్చన్నారు. ఖాదిం వీసా కొనుక్కుని బయట బతుకుతున్నవాళ్లకు చట్టం లోపలికి రావడానికి అదొక కిటికీ. ఇలాంటివి తెరిచినప్పుడు మీరు మనోడిని సలహా అడగండి. "మనకెందుకన్నా రిస్కు" అంటాడు. మీరు మారిపోతే ఏటేటా కఫీల్ వాటాలో తన వాటా పోతుందన్న విషయం మీ దృష్టికి తేవడం ఆయనకు మొహమాటం.

2025 జనవరి 5 నుంచి అక్కడ కొత్త నివాస చట్టం అమల్లోకి వచ్చింది. 1959 నాటి పాతది పోయింది. వీసాలు అమ్ముకునేవాడికి మూడు నుంచి ఐదేళ్ల జైలు, 5,000 నుంచి 10,000 దినార్ల జరిమానా. ఇది చదివి కొందరు భయపడతారు. మీరు ధైర్యంగా ఉండండి. జైలు అమ్మినవాడికి, మీరు కొన్నవారు. మిమ్మల్ని తిప్పి పంపేస్తారంతే.

సొంత సంపాదనకు సొంత వీసా ఉందట కదా?

ఉంది. దుబాయిలో 2022 నుంచి గ్రీన్ వీసా అని ఒకటి ఇస్తున్నారు. ఐదేళ్లు. కఫీల్ లేడు, కంపెనీ లేదు, మీకు మీరే పూచీ. అచ్చంగా మీరు కోరుకున్నదే. కావలసినవి: అక్కడి కార్మిక శాఖ ఇచ్చే ఫ్రీలాన్స్ పర్మిట్, డిగ్రీ లేదా ప్రత్యేక డిప్లొమా, గత రెండేళ్లూ సొంత పని మీద ఏడాదికి 3,60,000 దిర్హమ్‌లకు తగ్గని ఆదాయం, లేదా అక్కడున్నంత కాలం బతకగల ఆస్తి ఉన్నట్టు రుజువు. మన లెక్కలో ఆ ఆదాయం ఏడాదికి 80 లక్షల పైమాట. అంత సంపాదించేవాడు దుబాయి ఎందుకు పోతాడు? తిరుపతిలోనే లాడ్జి కట్టుకుంటాడు. జర్మనీలోనూ స్వయం ఉపాధికి అనుమతి ఉంది. 45 దాటినవాడు వెళ్తే ముసలితనానికి ఏం దాచుకున్నావో చూపించమంటారు. ఈ దేశాలవాళ్లు మనిషిని నమ్మరు.

ఇదంతా చదువుకోనివాళ్ల బాధ అని సాఫ్ట్‌వేరు తమ్ముళ్లు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. మీకూ ఉంది నాయనా, మీ ఆజాద్ వీసా ఇంగ్లీషులో ఉంటుంది. హెచ్-1బి మీద ఏ కంపెనీ పేరుంటే ఆ కంపెనీకే పని చేయాలి. ప్రాజెక్టు లేకుండా బెంచి మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వాల్సింది కంపెనీయే. కన్సల్టెన్సీ వాడు జీతం మాట ఎత్తొద్దని, ఎదురు మీరే డబ్బు పంపితే దాన్నే జీతంగా చూపిస్తానని అంటే, కఫీల్ టై కట్టుకుని వచ్చాడని గుర్తుపట్టి ఒప్పేసుకోండి. కాలేజీకి పోకుండా పనికి పోనిచ్చే కాలేజీలు కూడా దొరుకుతాయి. 2011లో కాలిఫోర్నియా ట్రై వ్యాలీ యూనివర్సిటీ అలా మూతపడి మనపిల్లలు వీధిన పడ్డారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీలో అసలు పాఠాలే లేవు, ఎందుకంటే దాన్ని పెట్టింది అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులే. 2019 జనవరిలో అది బయటపడినప్పుడు మొదటి విడత పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఫీజు మాత్రం ఇమిగ్రేషన్ వాళ్లు రసీదుతోనే తీసుకున్నారు. చూశారా, రసీదు ఇచ్చేవాడిని నమ్మొద్దన్నానా!

అప్పు చేయడం ఎలా

స్వామివారే అప్పు చేశారు. నారాయణవనంలో పద్మావతమ్మను పెళ్లాడటానికి కుబేరుడి దగ్గర చేసిన ఆ అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నారు. అందుకే వడ్డీకాసులవాడన్నారు. దేవుడికి లేని సిగ్గు మనకెందుకని మనోడు కూడా ఇదే చెబుతాడు. గొంతులో భక్తి కూడా పలికిస్తాడు.

అయితే ఆ అప్పు ఎలా చేశారో ఒకసారి చూస్తే మీ అప్పు ఎంత తేలికో తెలుస్తుంది. స్వామివారు పత్రం రాసిచ్చారు. సాక్షులు బ్రహ్మ, శివుడు. గడువు కలియుగాంతం. తీర్చడానికి హుండీ. మీకు ఈ తలనొప్పులేం లేవు. పత్రం లేదు, సాక్షి టీకొట్టు కుర్రాడు, గడువు వచ్చే సంక్రాంతి. మూడు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 9,000, ఏడాదికి 1,08,000. అసలు అలాగే ఉంటుంది, దాని జోలికి పోనక్కర్లేదు. కువైట్‌లో ఇంటిపనికి 2016లో పెట్టిన కనీస జీతం 60 దినార్లు. దినారు 270 రూపాయలు దాటింది కదా అని సంబరపడి గుణించుకుంటే 16,000 పైచిలుకు. బయట చేసుకుంటే ఇంకా వస్తుంది, నిజమే. గది అద్దెలో వాటా, తిండి, ఏటా కఫీల్ ముడుపు, మధ్యలో పని దొరకని నెలలు, ఇవన్నీ లెక్కలో వేసుకోకుండా ఉంటే మిగులు బాగా కనిపిస్తుంది. లెక్క వేసేటప్పుడు మీ ఆవిడను పక్కన కూర్చోబెట్టకండి. ఆడవాళ్లు కూడికలతో ఆగరు, తీసివేతలకు పోతారు. నగలు బ్యాంకులో పెట్టేదాకా ఆమెకు చెప్పకపోవడమే మేలు.

ప్రయాణ సన్నాహాలు

విమానం రేపనగా తలనీలాలివ్వండి. ముందే ఇస్తే జుట్టు మొలుస్తుంది, మొక్కు తాజాదనం పోతుంది. కల్యాణకట్టలో టోకెనూ బ్లేడూ ఇస్తారు, పైసా ఖర్చు లేదు. చన్నీళ్లు చల్లి, నాలుగు గీతల్లో పని కానిచ్చేస్తారు. గుండుకు చందనం పట్టించి చెన్నై బస్సెక్కండి. పాస్‌పోర్టు ఫోటోలో మీకు నొక్కుల జుట్టు, మీసం ఉంటాయి. కౌంటరు అవతల అధికారి ఫోటో చూస్తాడు, మీ మొహం చూస్తాడు, మళ్లీ ఫోటో చూస్తాడు. మీ చెవి వెనక చందనం ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. తిరుపతా అని అడుగుతాడు. అక్కడ మీరు అవునని ఊరుకోకుండా, వీసా గురించి మనోడు చెప్పమన్న కథంతా ఒక్క గుక్కలో చెప్పేయండి. అడగని ప్రశ్నకు జవాబిచ్చేవాడంటే అధికారులకు మహా ఆసక్తి.

సామానులో లడ్డూ తప్పకుండా ఉండాలి. ఊళ్లోవాళ్లు తమవాళ్లకిమ్మని తెచ్చిన డబ్బాలన్నీ పెట్టుకోండి. విప్పి చూడటం మర్యాద కాదు. మామిడికాయ పచ్చడి డబ్బాకు టేపు నాలుగు చుట్లు ఎక్కువ వేసి ఉంటే, నూనె కారకుండా వేసి ఉంటారని అనుకోండి. ఇచ్చినవాడి ఇంటిపేరు మీకు తెలియకపోయినా ఫర్వాలేదు, తీసుకునేవాడే విమానాశ్రయానికి వస్తాడన్నారు కదా. మసాలా పొట్లంలో గసగసాలు కూడా వేసుకోండి. దుబాయిలో, సౌదీలో అవి మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయని, వంటింటి దినుసుకు జైలు పడుతుందని చెబితే మీ అత్తగారు నమ్మరు. మీరు మాత్రం ఎందుకు నమ్మాలి?

ఇక్కడ వదిలి వెళ్లాల్సినవి: వీసా కాగితం జెరాక్సు, పాస్‌పోర్టు జెరాక్సు, కఫీల్ పేరూ ఫోన్ నంబరూ. ఇవి ఇంట్లో ఉంటే ఆపదలో మీవాళ్లు ఎవరినో ఒకరిని పట్టుకుని మిమ్మల్ని వెతికించే ప్రమాదం ఉంది. విదేశాంగ శాఖ వారి ప్రవాసీ సహాయ కేంద్రం నంబరు 1800113090, ఇక్కడినుంచి ఉచితం. దాన్ని గోడ మీద రాయకండి, సున్నం పాడవుతుంది.

మళ్లీ రావడం

కువైట్ వాళ్లు అప్పుడప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తారు. అకామా చెడిపోయినవాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చంటారు. 2018లో జనవరి 29 నుంచి ఏప్రిల్ 22 దాకా ఇచ్చారు. 2020 ఏప్రిల్లో, కరోనా మధ్య, టికెట్టు కూడా వాళ్లే పెట్టుకున్నారు. మనవాళ్లు శిబిరాల్లో విమానాల కోసం వారాలు ఎదురుచూశారు. 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ఇచ్చారు. ఉండాలనుకున్నవాడు గరిష్ఠంగా 600 దినార్లు కట్టి సరిచేసుకోవచ్చన్నారు, పోవాలనుకున్నవాడు ఊరికే పోవచ్చన్నారు. ఈ మూడు తేదీలూ చూసి, మధ్య ఎడం లెక్కగట్టి, తర్వాతిది ఎప్పుడొస్తుందో అంచనా వేసుకుని దాన్నిబట్టి అకామా చెడగొట్టుకోండి. వర్షాన్ని నమ్మి వేరుశెనగ వేసే సీమవాళ్లకు ఇలాంటి వ్యవసాయం కొత్త కాదు.

అప్పటికి మీ పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోనో, ఆయన చేతిలోంచి ఇంకెవరి చేతిలోకో పోయి ఉంటుంది. ఎంబసీ వాళ్లు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. ఒక్క ప్రయాణానికి పనికొచ్చే కాగితం, మన గడ్డ మీద దిగగానే విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

ఒక్క సంగతి మాత్రం చెప్పి తీరాలి. విదేశం నుంచి వచ్చినవారికి కొండ మీద సుపథం దగ్గర ప్రత్యేక దర్శనం ఉంది. టికెట్టు 300. దిగిన నెలలోపు, దిగిన తేదీ ముద్ర ఉన్న అసలు పాస్‌పోర్టు చూపించాలి. కువైట్‌లో ఎన్నేళ్లున్నా, ఎన్ని దినార్లు పంపినా, ఔట్‌పాస్ మీద వచ్చినవారికి చూపించడానికి ఆ పాస్‌పోర్టు ఉండదు. కౌంటరు దగ్గర వాదనకు దిగొద్దు, వెనకాల పాస్‌పోర్టులున్నవాళ్లు నిలబడి ఉంటారు. కిందికి దిగి తిరుపతిలో విష్ణునివాసం దగ్గర సర్వదర్శనం టోకెన్ల లైనులోకి వెళ్లండి. తెల్లవారకముందే వెళ్తే మంచిది. అక్కడ ఆధార్ కార్డు చాలు.